ముప్పై ఒక్క మందికి ఒక్కటే మచ్చ

జనం నన్ను ఇప్పటికీ బొట్టు రూతమ్మ అంటరు. మెథడిస్టు కిరస్తానీ ఇంట్ల పుట్టిన దాన్ని, బుద్ధెరిగినప్పటి సంది నుదుట బొట్టు పెట్టలే, గా పేరు నాకెట్ల అంటుకున్నదో చెప్త. చెప్పమని ఎవరూ అడుగలే. అడుగరు గూడ. అందరికీ తెలుసు అనుకుంటరు. వాళ్లకు తెలిసింది సగం, గా సగం గూడ తప్పు.

నేను బోధన్‌ల ఒక ప్రైవేటు ఎక్స్‌రే క్లినిక్‌ల పనిచేసేదాన్ని. మేం మొత్తం ముగ్గురం. మనిషిని నిలబెట్టి, ఊపిరి బిగవట్టుమని చెప్పి, మీట నొక్కి ఫోటో తీసేది నర్సింలు. ఆ ఫిలింను చీకటి గదిల మందునీళ్లల్ల ముంచి, కడిగి, ఆరేసేది నేను. ఆరిన ఫిలింను వెలుగు డబ్బా ముందర పెట్టుకోని, ఇదిగో ఇక్కడ ఇట్లున్నదని చెప్పేది డాక్టరు కామేశ్వరరావు సారు. సారుది కోస్తా దిక్కు. మనిషి చెడ్డోడు గాదు. కని ఎక్స్‌రే గదిలకు కాలు పెట్టేటోడు గాదు. ఫిలిం చూస్తే మనిషిని చూసినట్టే అనేది ఆయన మాట. పదేండ్లల్ల ఆయన మా గది గడప దాటింది నాకు యాది లేదు.

ఫిలిం ఉట్టిగ పట్టుకుంటె వెలుతురు తాకి ఖరాబైతది. అందుకే దాన్ని ఒక అల్యూమినియం డబ్బాల పెట్టి మూస్తం. క్యాసెట్ అంటరు దాన్ని. పెద్ద పలక అంత ఉంటది, వేలెడు మందం. మనిషి రొమ్ము ఆనిచ్చి నిలబడే చెక్క ఉంటది సూడు, దాని వెనుక గా డబ్బాను దోపుతరు. ఛాతికి సరిపోయే పెద్ద డబ్బాలు మాకు రెండే ఉండె. ఒకటి నర్సింలు దగ్గర ఉంటే ఇంకోటి నా దగ్గర. ఆయన ఒకటి తీసి ఇచ్చేలోపట నేను రెండోదాంట్ల కొత్త ఫిలిం నింపి ఇచ్చేదాన్ని. గట్ల అటు ఒకటి, ఇటు ఒకటి తిరిగేటియి.

అరువై ఎనిమిదిల దసరాకు నర్సింలు మిషిన్‌కు పూజ చేసిండు. ప్రతి యేడు చేస్తడు. వాళ్ల ఇంట్ల నాగలికి, కొడవలికి చేస్తరు, ఇక్కడ తన చేతికింద ఉన్నది మిషిన్ గనుక మిషిన్‌కు చేస్తడు. ఎప్పుడూ పసుపు, కుంకుమ. ఆ యేడు ఆయనకు ముగ్గురు ఆడపిల్లల మీద కొడుకు పుట్టిండు. హనుమాన్లకు మొక్కుకున్నడట. అందుకని గుడి నుంచి సిందూరం తెచ్చి నూనెల రంగరించిండు.

"నర్సింలు, నీ పూజ నువ్వు చేసుకో. నా చీకటి గదిలకు మాత్రం రాకు. మా చర్చి పాదిరి ఊకోడు" అన్న.

"సరే అక్క, నీ గడప తొక్క" అన్నడు.

తొక్కలే. మాట మనిషి. గప్పుడు ఒక డబ్బా నా గదిల ఉండె, ఇంకోటి ఆయన దగ్గర ఉండె. మిషిన్‌కు పెట్టిండు, మీటకు పెట్టిండు, చెక్క నిలిపే కాలుకు పెట్టిండు, తన దగ్గరున్న డబ్బాకు గూడ రూపాయి బిళ్లంత బొట్టు మందంగ పెట్టిండు. తెల్లారి దాన్ని చూసి మొఖం మాడ్చుకున్న. తుడుద్దామని కొంగు గూడ పట్టుకున్న. మళ్ల అనుకున్న, క్రిస్మస్‌కు నేను తెచ్చే కేకు వాడు కండ్లకద్దుకోని తింటడు, వాని దేవుని బొట్టు నేను తుడుసుడేంది? పైగ బొట్టు ఫోటోల పడదు. తల ఫోటోలు నేను ఎన్ని కడగలే, ఎంత పెద్ద కుంకుమ బొట్టున్న ఆడామె పుర్రె అయినా సాఫ్‌గనే వచ్చేది. ఉండనీ అని ఇడిసిపెట్టిన.

దసరా పోయిన రెండో దినమే చక్కెర ఫ్యాక్టరీ నుంచి అరువై రెండు మంది వచ్చిండ్రు. అందరూ సీజన్ పనోళ్లే. చెరుకు ఆడినన్ని దినాలు ఫ్యాక్టరీల పని, ఆడుడు బందైతే ఎవని తొవ్వ వానిది. ఆ యేడు వాళ్లను పర్మనెంటు చేస్తమన్నరు. పర్మనెంటు అంటే ఏందనుకున్నరు? యేడు పొడుగు పని, ఉండనీకి క్వార్టరు, ఊర్ల నలుగురి ముందర మర్యాద. షరతు ఒక్కటే. ఛాతి ఫోటో సాఫ్‌గ ఉండాలె. మచ్చ ఉంటే పేరు కొట్టేస్తరు, సీజన్ పని గూడ ఉండదు.

ఆ అరువై రెండు మందిల మా తమ్ముడు జయరాజ్ ఉండె. పదిహేడో నంబరు. మా ఊరు మోస్రా. అమ్మ చిన్నప్పుడే పోయింది, వాణ్ని ఎత్తుకోని తిప్పింది నేనే. ఎనిమిది సీజన్ల సంది చెరుకు రోలర్ల కాడ పిప్పి ఎత్తుతున్నడు. పెండ్లాం సాయవ్వ, ఇద్దరు పిల్లలు, ఒక్క అర్ర ఇల్లు. "అక్కా, గీ సారి పర్మనెంటు అయితే నిన్ను గూడ క్వార్టర్లకు తీస్కపోత" అన్నడు. నన్ను తీస్కపోయేది ఏమో గని, వాడు నిలదొక్కుకుంటే చాలని నేను రోజూ ప్రార్థన చేసుకున్న.

రోజుకు పది, పదకొండు మందిని తీసినం. మొదటి దినం సాయంత్రమే సారు నన్ను పిలిచిండు.

"రూతమ్మా, ఇవి చూశావా? కుడి ఊపిరితిత్తి పైభాగంలో గుండ్రంగా తెల్లటి మచ్చ. ఐదుగురికి ఉంది."

చూసిన. ఊపిరితిత్తి నల్లగ పడాలె, ఎందుకంటే గాలి. బొక్క తెల్లగ పడాలె. నల్లగ ఉండాల్సిన కాడ తెల్లటి బిళ్ల ఉన్నది. రెండో దినం జయరాజ్ ఫిలిం కడిగిన. ఎర్రబల్బు వెలుతుర్ల పైకెత్తి చూస్తే వానికి గూడ ఉన్నది. ఫిలింను మళ్ల నీళ్లల్లనే జారిడిసిన. బయటికి వస్తే గోడకు ఆనుకోని వాడు నవ్వుకుంట నిలబడ్డడు. "మంచిగ వచ్చిందా అక్కా?" అన్నడు. ఆరినంక చెప్తరు, ఇంటికి పో అన్న.

ఆరు దినాలల్ల లెక్క తేలింది. ముప్పై ఒక్క మందికి మచ్చ, ముప్పై ఒక్క మంది సాఫ్. ముప్పై ఒక్క ఇండ్లల్ల ఏడుపులు. సాయవ్వ తమ్ముని కంచం వేరే పెట్టింది, చెంబు వేరే పెట్టింది. పిల్లలను దగ్గరికి రానియ్యలే. దాన్ని తప్పు పట్టుటానికి లేదు. వాడు అరుగు మీదనే తిని, అరుగు మీదనే పండవట్టిండు.

మా సారుకు మాత్రం పండుగొచ్చింది. పాపం, ఆయన సంబురాన్ని ఆయన దాసుకుందామనే చూసిండు గని దాగలే. ఇది మామూలు క్షయ గాదన్నడు. చెరుకు పిప్పి దుమ్ముతోని వచ్చే కొత్త రోగమన్నడు, లోకంల ఎవడూ ఇంకా కనిపెట్టలేదన్నడు. హైదరాబాద్‌ల డాక్టర్ల సభ ఉన్నదట, ఆడ చదవనీకి పెద్ద వ్యాసం రాయవట్టిండు. రోగానికి పేరు గూడ పెట్టిండు. ఏం పేరంటరు? కామేశ్వరరావు మచ్చ.

"సారూ, గేటు కాడి చౌకీదారు లింబయ్యకు గూడ వచ్చింది గద. ఆయన పిప్పి మొఖం చూడలే" అన్న.

"గాలి అటే వీస్తుంది" అన్నడు.

"మరి పిప్పిల మునిగి తేలే దేవిదాస్‌కు రాలే."

"వాడికి అలవాటు పడిపోయింది."

గాలి గూడ సారు చెప్పినట్టే వింటుండె.

ఒకనాడు పగటీలి అన్నం తిని వచ్చి, మచ్చ ఉన్న ఫిలింలను తీగకు వరుసగ తగిలిస్తున్న. పక్కపక్కన ఇరవై దాంక ఉన్నయి. పొడుగోళ్లున్నరు, పొట్టోళ్లున్నరు. పొడుగోనికి మచ్చ మెడ బొక్క మీద ఉన్నది. పొట్టోనికి మెడ బొక్క కింద ఉన్నది. ఒకనికైతే సగం భుజం దిక్కున్నది. మనిషి మనిషికి జాగ మారుతున్నది. కని ఫిలిం అంచు నుంచి చూస్తే మారుత లేదు. బెత్త పెట్టి చూసిన. పై అంచు నుంచి బెత్తెడు. ఇంకోటి చూసిన, బెత్తెడు. ఇంకోటి, బెత్తెడే.

రెండు ఫిలింలు ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఆనిచ్చిన. పక్క బొక్కలు కలువలే. గుండెలు కలువలే. మచ్చలు మాత్రం ఒకదాంట్ల ఒకటి కూసున్నయి. మూడోది పెట్టిన, నాలుగోది పెట్టిన, గంతే. రోగం మనిషిల ఉంటే మనిషితోని తిరగాలె గద? ఇది ఫిలింతోని తిరుగుతున్నది. ఫిలింలు పట్టుకోని సారు దగ్గరికి ఉరికిన.

సారు శాంతంగ చూసిండు. "అదే నేను రాసింది కూడా. ఎవరికైనా ఒకే చోట రావడమే ఈ జబ్బు లక్షణం. నువ్వు బాగా కనిపెట్టావు రూతమ్మా" అన్నడు. నా బెత్తను గూడ వ్యాసంల రాసుకున్నడు, సెంటీమీటర్లల్ల.

తల గోడకు కొట్టుకుందామనిపించింది.

తప్పు డబ్బాలనే ఉన్నదని తెలిసింది. రెండు డబ్బాలు తెరిచి లోపట మెత్తటి బట్టతోని తుడిచిన. మనిషి లేకుండ ఉట్టి ఫిలిం తీయమని నర్సింలుకు చెప్పిన. ఒక డబ్బాల ఫిలిం మొత్తం నల్లగ వచ్చింది. రెండోదాంట్ల నల్లటి ఫిలిం మీద తెల్లగ, గుండ్రంగ, మచ్చ. మనిషే లేడు, రోగం ఉన్నది. డబ్బా పట్టుకోని వరండలకు వచ్చి ఎండల తిప్పి చూసిన. మనిషి దిక్కు ఉండే పక్క మీద, పై అంచు నుంచి బెత్తెడు దూరంల నర్సింలు బొట్టు నా దిక్కే చూస్తున్నది. పది దినాల సంది రోజూ చూస్తున్న బొట్టే. ఎర్రబల్బు కింద ఎరుపు కనపడదు, అది వేరే సంగతి. ఇన్ని దినాలు వట్టపగలు చూసి గూడ నాకు తట్టలే. బొట్టును ఎవరు అనుమానిస్తరు?

కుంకుమ ఫోటోల పడదు, మరి సిందూరం ఎందుకు పడ్డదని బజార్ల కిరాణం తుకారాంను అడిగిన. మరాఠాయన, ముసలాయన, సిందూరం అమ్మేది ఆయనే. "కుంకుమ అంటే పసుపే గద బాయీ. సిందూరం గట్ల గాదు, సీసం కాల్చి చేస్తరు" అన్నడు. సీసం అంటే నాకు తెల్వదా? ఫిలిం మీద నంబరు పడనీకి మేం పెట్టే అంకెలు సీసంవే. తెల్లగ పడుతయి.

ఉరికొచ్చి నర్సింలుకు చెప్పిన. "తుడువు" అన్న.

వాడు రెండడుగులు ఎనుకకు పోయిండు. "అక్కా, మొక్కు బొట్టు. కొడుకు పేరు మీద పెట్టిన. యేడాది దాంక నేను తుడువ. నువ్వు తుడుస్తే గూడ నేను ఒప్పుకోను."

"ముప్పై ఒక్క మంది నౌకర్లు పోతున్నయి ర."

"సారు చెప్తే అప్పుడు చూస్త. సారు అది రోగమంటున్నడు. నువ్వు బొట్టంటున్నవు. ఎవరు చదువుకున్నోళ్లు?"

సారు దగ్గరికి మళ్ల పోయిన. ఉట్టి ఫిలిం చూపెట్టిన, బొట్టు సంగతి చెప్పిన. ఆయనకు గప్పటికే వ్యాసం పదకొండు పేజీలు అయింది. "కడిగేటప్పుడు నీ చెయ్యి తగిలి ఉంటుంది. ఏడో తరగతి చదివావు, మంచిదే, కానీ వైద్యం నాకు వదిలెయ్యి" అన్నడు. కోపం రాకపోతే నేను మనిషినేనా? పండ్లు కొరుక్కుంట బయటికి వచ్చిన.

దేవుడున్నడు. రెండు దినాలకు సారుకు జలుబు చేసింది, దగ్గు పట్టింది. ముప్పై ఒక్క మంది తన ముందర కూసోని దగ్గిపోయిండ్రని యాదికి వచ్చింది. "నర్సింలూ, నాకు కూడా ఒక ఛాతి ఫోటో తియ్యి. ఊరికే, చూద్దామని" అన్నడు. పదేండ్లల్ల మొదటిసారి మా గడప దాటి, అంగి విప్పి, చెక్కకు ఆనుకోని, కండ్లు మూసుకోని నిలబడ్డడు. నర్సింలు నా దిక్కు చెయ్యి చాపిండు. ఏ డబ్బా ఇచ్చిననో చెప్పాల్నా?

తడి ఫిలిం తీస్కపోయి సారు చేతిల పెట్టిన. వెలుగు డబ్బా మీద పెట్టిండు. చూసిండు. కుర్చీల కూలబడ్డడు.

కొత్త రోగం, లోకంల ఎవడూ కనిపెట్టనిది, దానికి తన పేరే పెట్టుకున్నడు, ఇప్పుడది తన రొమ్ములనే ఉన్నది. నీళ్లు అడిగిండు. ఇచ్చిన. పెండ్లానికి ఉత్తరం రాయాలె, కాయితం తెమ్మన్నడు. తెచ్చిన. "పిల్లలు చిన్నవాళ్లు రూతమ్మా" అన్నడు. అరగంట గట్లనే ఉండనిచ్చిన. పాపమే, ఒప్పుకుంట. ముప్పై ఒక్క ఇండ్లల్ల పది దినాల సంది గిదే ఏడుపు, ఆయనకు అరగంట ఎక్కువ గాదనిపించింది.

అప్పుడు అన్న. "సారూ, మీకు గూడ బెత్తెడే ఉన్నది."

ఆయన తల ఎత్తిండు. నేను డబ్బా తెచ్చి బొట్టు చూపెట్టిన. ఫిలిం మీద పెట్టి చూపెట్టిన. ఈ సారి బొట్టు మచ్చ మీద సరిగ్గ కూసున్నదని ఆయనకు వెంటనే తెలిసింది. పరాయోళ్ల రొమ్ముల ఉన్నన్ని దినాలు రోగం, తన రొమ్ముల పడ్డంక మిషిన్ తప్పు. ముఖంల రక్తం వచ్చింది. "వెంటనే తుడిచెయ్యండి. అందరినీ మళ్లీ పిలిపించండి" అన్నడు.

నర్సింలు చేతులు కట్టుకోని నిలబడ్డడు. "మీరే తుడువుండ్రి సారూ."

సారు జేబురుమాలు తీసిండు. డబ్బా దాంక పోయిండు. చెయ్యి ఆగింది. ఆయన గూడ మంగళవారం ఒక్కపొద్దు ఉండేటోడే. మెల్లగ రుమాలు మళ్ల జేబుల పెట్టుకున్నడు. ఇద్దరూ నా దిక్కు తిరిగిండ్రు.

"నేనస్సలు తుడువ. రేపు నర్సింలు కొడుక్కు జ్వరమొస్తే కిరస్తానీది తుడిచిందనే అంటరు. వద్దు నాయనా" అన్న.

గట్ల ముగ్గురం రూపాయి బిళ్లంత బొట్టు చుట్టు నిలబడ్డం. ఆఖరికి నర్సింలే ఉపాయం చెప్పిండు. మంగళవారం కొబ్బరికాయ కొట్టి, దేవునికి చెప్పుకోని, తానే నీళ్లతోని కడిగి ఆ నీళ్లు చెట్టుకు పోస్తనన్నడు. ఆ దినం శుక్రవారం. దేవుని మర్యాద కోసం ముప్పై ఒక్క మంది ఇంకా నాలుగు దినాలు రోగంతోనే ఉన్నరు.

మంగళవారం బొట్టు పోయింది. బుధవారం సంది ముప్పై ఒక్క మందిని మళ్ల తీసినం. ఒక్కొక్క ఫిలిం ఎర్రబల్బు కింద పైకెత్తుతుంటె నాకు పాటలొచ్చినయి. సాఫ్. సాఫ్. సాఫ్. లింబయ్య సాఫ్. బయట మొగోళ్లు ఒకని భుజాల మీద ఒకడు చేతులేసుకోని తిరుగుతున్నరు. అందరూ "రూతక్క, రూతక్క" అంటున్నరు. ఇన్నేండ్లల్ల నన్ను ఎవరూ అంత ప్రేమగ పిలువలే.

పదిహేడో నంబరు ఫిలిం నీళ్లల్లకెల్లి తీసిన. బొట్టు లేదు. గుండ్రటి తెల్లటి బిళ్ల పోయింది. అది ఉన్న కాడ, మెడ బొక్క వెనుక, సన్నగ, మసకగ, దూది పీకినట్టు ఏందో ఉన్నది.

కండ్లు నులుముకోని మళ్ల చూసిన. డబ్బా ఇంకా సరిగ తుడవలేదేమో అనుకున్న. ఎన్నడూ బొట్టు ఎరుగని రెండో డబ్బాల మళ్ల తీయిచ్చిన. "ఎందుకక్కా మళ్ల?" అన్నడు జయరాజ్. "కదిలినవు" అని అబద్ధం చెప్పిన. రెండో ఫిలింల గూడ అది ఆడనే ఉన్నది. రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి చూసిన. వాడు జరంత పక్కకు నిలబడ్డడు గనుక అంచులు కలువలే. బొక్కలు కలిస్తే అది కలిసింది. ఇది ఫిలింతోని తిరుగుత లేదు. మనిషితోని తిరుగుతున్నది.

చీకటి గదిల నేల మీద కూసున్న. అమ్మ పోయిన కొన్నేండ్లకు మా బాపు వీరస్వామి గిట్లనే పోయిండు. మొదట జర దగ్గు, తరువాత బరువు తగ్గుడు, తరువాత రక్తం. ఫోటోలు లేని కాలం గనుక రక్తం పడ్డంకనే తెలిసింది. నాకు రక్తం పడకముందే తెలిసింది. తెలిసి ఏం చేయాలె?

తలుపు తీసి సారు గదిలకు పోయిన. సారు మళ్ల ఒక్క ఫిలిం గూడ చూడకుండ ముప్పై ఒక్క కాయితాల మీద సంతకాలు పెడుతున్నడు. సాఫ్, సాఫ్ అని. ఆయనకు ఆ మచ్చ మాట వింటెనే సిగ్గు.

"సారూ, పదిహేడు చూడుండ్రి."

"అన్నీ బాగున్నాయి. ఆ బొట్టు సంగతి ఇక నా ముందు ఎత్తకు."

"ఇది బొట్టు గాదు."

"రూతమ్మా, ఆపు."

తలుపుకు అడ్డం నిలబడ్డ. "చూసేదాంక పోను" అన్న. ఇసుక్కుంట రెండు ఫిలింలు వెలుగు డబ్బా మీద పెట్టిండు. చానాసేపు చూసిండు. కలం కింద పెట్టిండు. ఆయన చెడ్డోడు గాదని ముందే చెప్పిన గద.

"మొదలవుతోంది. సూదులు, మాత్రలు వాడితే తగ్గుతుంది" అన్నడు. కాయితం మీద పేరు చదివిండు. నా మొఖం చూసిండు. గొంతు తగ్గించిండు. "మీ తమ్ముడు కదూ. నేను సంతకం పెట్టేస్తాను. ఉద్యోగం రానీ. మందులు తరువాత మెల్లిగా ఇప్పిద్దువు గాని. ఎవరికి తెలుస్తుంది?"

నాకు ఆశ పుట్టలేదంటే అబద్ధం. మస్తు పుట్టింది. క్వార్టరు కనపడ్డది, సాయవ్వ నవ్వు కనపడ్డది. కని నా తమ్ముడు నాకు తెల్వడా? పర్మనెంటు కాయితం చేతుల పడ్డంక, సాఫ్ అని ఊరంత చెప్పినంక, నీకు రోగమున్నది రోజూ సూది తీసుకో అంటె నవ్విపోతడు. మూడు షిఫ్టులు పిప్పిల నిలబడుతడు. ఒక్క అర్రల ఇద్దరు పిల్లలను పక్కల పండబెట్టుకుంటడు. బాపుకు పడ్డ రక్తం వానికి పడేదాంక మెల్లిగనే ఉంటది అంతా.

"రాయుండ్రి సారూ" అన్న. "ఉన్నదని రాయుండ్రి."

సారు ఇంకోసారి నా దిక్కు చూసి రాసిండు. మచ్చ పడ్డ ముప్పై ఒక్క మందిల ముప్పై మంది పర్మనెంటు అయిండ్రు. ఒక్కని పేరు కొట్టేసిండ్రు.

ఆ తరువాత సంగతి ఏమని చెప్పాలె? వాడు నాతోని తగువు గూడ పెట్టుకోలే, నోరు మూసుకోని బస్సెక్కిండు. నిజామాబాద్ సర్కారు దవాఖానకు నేనే తీస్కపోయిన. కళ్లె పరీక్షల ఏం దొరకలే. మొదట్ల గట్ల దొరకదు, ఫిలింలనే కనపడుతదని అక్కడి డాక్టరు చెప్పిండు. కని ఊర్లకు పోయింది ఒక్కటే మాట: కళ్లెల ఏం లేదట. సూదులు మూడు నెలలు, మాత్రలు యేడాదిన్నర. ఒక్క దినం తప్పనియ్యలే. రోజూ పొద్దుగాల వాని గడపల నిలబడి, మాత్ర మింగిందాంక కదలకపోయేదాన్ని. సాయవ్వ తలుపు తీసి, నా మొఖం చూడకుండ నీళ్ల చెంబు ఇచ్చేది. వాడు కందకుర్తికి కూలికి పోయినా, నేను ఆదివారం చర్చి ఎగ్గొట్టి మాత్రలు పట్టుకోని పోయిన.

రోగం నయమైంది. నయమైనంక తీసిన ఫిలిం నేనే కడిగిన. సాఫ్. ఒక్క గీత లేదు. ఆ ఫిలిం చేతిల పట్టుకోని ఏడ్చిన. అదే నా కొంప ముంచింది.

ఎందుకంటరా? వాడు ఆ ఫిలింను బోధన్‌ల అందరికి చూపెట్టిండు. "సూడుండ్రి, ఏమున్నది? ఇప్పుడు లేదంటే అప్పుడూ లేదు. బొట్టు మంచిగ తుడవక మా అక్క నా నౌకరి తీసింది" అన్నడు. మందులతోని తగ్గిందని చెప్తే ఎవరు నమ్ముతరు? ముప్పై మందికి ఒక్క మాత్ర లేకుండ మచ్చలు మాయమైనయి గద. ఊరంతా చూసింది గద. వాళ్లకు పోయింది, వీనికి పోయింది. వాళ్లకు నౌకర్లు ఉన్నయి, వీనికి లేదు. మచ్చను నమ్మొద్దని బోధన్ మొత్తానికి నేర్పింది నేనే. నర్సింలు గూడ ఒకనాడు, "అక్కా, నేను మంచిగనే కడిగిన, మళ్ల నువ్వేమన్న చెయ్యి పెట్టినవా?" అన్నడు. బొట్టు రూతమ్మ అన్న పేరు గప్పుడు వచ్చింది.

సారు హైదరాబాద్ సభకు పోలే. దానికి బదులు ఊరు మారిపోయిండు. ఫ్యాక్టరీల పర్మనెంటు అన్న మాట మళ్ల వినపడలే.

మొన్న చెరుకు సీజన్ మొదలైన దినం జయరాజ్ నా ఇంటి ముందరకు వచ్చిండు. తోటోళ్లు కొత్త క్వార్టర్లల్ల పాలు పొంగిచ్చుకున్నరట, అది చూసి వచ్చిండు. వాడల అందరు వినంగ తిట్టుడు మొదలుపెట్టిండు. కన్నతల్లి లెక్క పెంచినవు, కడుపు మీద కొట్టినవు అన్నడు. నీ చేతి నీళ్లు ముట్టనన్నడు. పక్కింటి గంగవ్వ బయటికి వచ్చి, "ఊకో జయరాజ్, ఊకో" అంటున్నది. వాడు వినలే. ఎండల నిలబడి, మెడ నరాలు ఉబ్బంగ, ఒక్క మాటకు ఇంకో మాట అందిచ్చుకుంట తిట్టవట్టిండు.

నేను గడపల కూసోని విన్న. బాధ కాలేదా అంటే అయింది. కని నా చెవి వాని మాట మీద లేకుండె. ఇంతసేపు ఇంత గట్టిగ అరిస్తే ఎక్కడన్న ఒక్కసారి ఆగుతడా, ఒక్కసారి రొమ్ము పట్టుకుంటడా అని చూస్తున్న. ఆగలే. ఒక్కసారి గూడ దగ్గలే.

ఇంకా తిట్టు తమ్మీ, అనుకున్న. పొద్దు గూకేదాంక తిట్టు.